కంబగిరి కట్టిన పాట

ఓబులేసు రాసిన పాటలను ఆ పాకలోని రోగులు ఎవరూ వద్దనలేదు. విని, చేతులు జోడించి, గోడవైపు తిరిగి పడుకునేవారు. ఎందుకలా తిరిగిపోతున్నారో అతనికి అర్థం కాలేదు.

ఆ పాక మాబమ్మది. దూదేకుల ఇంట పుట్టి, తత్వాలు పాడుకుంటూ నలభై ఏళ్ళు ఊళ్ళు తిరిగి, చివరికి నల్లమల అంచున ఒకచోట ఆగిపోయిన మనిషి. ఇక చేసేదేమీ లేదని పెద్దాసుపత్రి వాళ్ళు పంపేసిన రోగులు ఆమె దగ్గరికి వచ్చేవారు. పొడవాటి పాకను తడికలతో ఆరు గదులు చేసి, గదికో నులక మంచం వేసింది. వారానికి రెండుసార్లు ఒక నర్సమ్మ వచ్చి నొప్పికి మాత్రలు ఇచ్చి పోయేది. మిగతా వేళల్లో మాబమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ మనిషి చేతనే ఒక పాట కట్టించేది. చదువు రానివాళ్ళూ కట్టారు. గొంతు పోయినవాళ్ళు గుసగుసగా కట్టారు. పోయేలోపు ఆ పాట వాళ్ళకు నోటికి వచ్చేది.

ఓబులేసు ఆమె దగ్గర చేరి మూడేళ్ళయింది. ఛందస్సు చదువుకున్నవాడు. గొంతు బాగుంటుంది. ఆ ఏడు మాబమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. "ఇంక నువ్వు కూర్చో నాయనా, రోగుల కాడ" అంది.

అతను కూర్చోలేదు. గడప ఇవతల నిలబడి రోగి పేరూ, చేసిన పనీ అడిగేవాడు. తన గదికి పోయి పాట రాసేవాడు. తిరిగి వచ్చి మళ్ళీ గడప దగ్గరే నిలబడి పాడేవాడు. లోపలి మందుల వాసన తనకు పడదని చెప్పుకున్నాడు. అసలు సంగతి వేరు. ఆ మంచాల మీది కళ్ళు తనవైపు తిరిగితే అతను చూపు నేలకు దించేసేవాడు.

ఎండలు ముదిరాక కంబగిరి వచ్చాడు. లారీ డ్రైవరు. యాభై కూడా నిండలేదు. ఊపిరితిత్తుల్లో గడ్డ. వెంట భార్య సుంకమ్మ వచ్చింది గానీ, ఆమెను అతను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

"నాకేం కాలే. బయట కూర్చోపో" అని కసిరేవాడు.

ఆమె వసారాలో గుంజకు ఆనుకుని పొద్దంతా అలాగే కూర్చునేది.

కంబగిరి కోసం ఓబులేసు రెండు రోజులు కష్టపడి ఒక తత్వం రాశాడు. దేహం లారీ, జీవుడు డ్రైవరు, గురువు చూపిందే దారి. "బండి దిగే వేళ భయమేల నీకు" అని చివరి చరణం ముగించాడు. గడప దగ్గర నిలబడి, కంచుతాళాలు వాయిస్తూ పాడాడు.

కంబగిరి మొత్తం విన్నాడు.

"బాగుంది సామీ. ఎవురిదీ పాట?"

"నీదే."

"నాది కాదులే" అని గోడవైపు తిరిగాడు.

ఓబులేసుకు మొహం మీద కొట్టినట్టయింది. నేరుగా మాబమ్మ దగ్గరికి పోయాడు. ఆమె చాటలో కొర్రలు చెరుగుతోంది.

"అవ్వా, తప్పెక్కడుందో చెప్పు. గణాలు సరిపోయినాయి. అర్థం సరిపోయింది."

"పాడు, ఇందాం."

పాడాడు. చివరి చరణం దగ్గర ఆమె చెయ్యెత్తి ఆపింది.

"భయం ఏంటికని ఎవురికి చెప్తాండావు?"

"కంబగిరికి."

ఆమె చాట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచింది. ఓబులేసు రెక్క పట్టుకుని పాకలోకి నడిచింది. అతన్ని గడప దాటించి కంబగిరి మంచం పట్టె మీద కూర్చోబెట్టింది. అతని చేతిలోని నోటుబుక్కు తీసుకుంది. జేబులోని పెన్ను తీసుకుంది. తాళాలు కూడా తీసుకుంది. బయటికి పోయి తడిక దగ్గరగా వేసింది.

లోపల కంబగిరి ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది. పీల్చడం. ఆగడం. చాలాసేపటికి మళ్ళీ పీల్చడం. అది ఆగినప్పుడల్లా ఓబులేసు తన ఊపిరి బిగబట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఏదైనా ఒక పద్యం గుర్తుచేసుకుందామంటే ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు.

అంతలో కంబగిరికి దగ్గు తెర వచ్చింది. గుక్క తిరగలేదు. కళ్ళు తేలేశాడు. చేతులు గాలిలో దేనికోసమో వెతికాయి.

ఓబులేసు ఒక్క ఉదుటున లేచాడు. "అవ్వను పిలుస్తా!"

వెతుకుతున్న చేతుల్లో ఒకటి అతని మణికట్టు దొరికించుకుంది. మంచులా ఉంది ఆ చెయ్యి. విడిపించుకోవడానికి వీల్లేనంత గట్టిగా ఉంది. పోవద్దన్నట్టు కంబగిరి పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు.

ఓబులేసుకు పోవాలనే ఉంది. ఒక పాదం తలుపువైపు తిరిగే ఉంది. అయినా మళ్ళీ కూర్చున్నాడు. మాబమ్మ చేయగా తాను చూసినది గుర్తుచేసుకుని, కంబగిరిని లేపి తన భుజానికి ఆనించుకున్నాడు. వీపు రాస్తూ ఉండిపోయాడు. ఎముకలు చేతికి ఒక్కొక్కటే తగిలాయి. ఎంతసేపటికో ఊపిరి దారికి వచ్చింది.

"నువ్వు వణుకుతాండావు సామీ" అన్నాడు కంబగిరి.

"అవును."

"భయమా?"

ఓబులేసుకు అబద్ధం నోటికి రాలేదు. "శానా భయమయింది. నా చేతుల్లోనే పోతావనుకుంటి. లేచి పరిగెత్తుదామనుకుంటి."

కంబగిరి అతని మొహంలోకి మొదటిసారి సరిగ్గా చూశాడు.

"ఒకపారి ఘాటు రోడ్డు దిగతాంటే బ్రేకు పోయింది" అన్నాడు. రెండు మాటలకొకసారి ఆగుతున్నాడు. "బండి నిండా సిమెంటు బస్తాలు. తొక్కితే పెడలు అడుగుకు పోయింది. కాలికింద ఏం తగల్లే. ఇప్పుడు పొద్దంతా అట్లనే ఉండాది సామీ. తొక్కుతానే ఉండా. ఏం తగల్లే."

"అప్పుడేం చేసినావు?"

"హారను నొక్కినా. చెయ్యి తియ్యకుండా నొక్కినా."

"హారనుకు బండి ఆగతాదా?"

"యాడాగతాది? ఎదురొచ్చేటోళ్ళకు తెలియాల గదా, ఈ బండి ఆగదని." కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "కొండకు రాసుకుంటా పోయి ఆగింది. పక్కన సరుకాయన ఉండె, ఆయన ఏడ్సినాడు. నేను బీడీ ముట్టించి, నాకేం భయం కాలేదంటి. ఇంటికి పోయి సుంకమ్మకూ అదే చెప్తి. ఆ పొద్దు నా లుంగీ తడిసిపోయిండె సామీ."

"ఇదే కడదామా?"

"ఇది పాటెట్లయితాది?"

"నాకూ తెలీదు. నువ్వు చెప్పు, నేను నీతోపాటు అంటా."

ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కూర్చున్నారు. రాసుకోవడానికి కాగితం లేదు కాబట్టి ఒక్కో మాటా నోటికి పట్టేదాకా మళ్ళీ మళ్ళీ అనుకున్నారు. కంబగిరి ఊపిరి ఎక్కడ తెగితే అక్కడ పాదం తెంచారు. యతి లేదు, ప్రాస లేదు. మాట దొరకనిచోట "ఓ" అని దీర్ఘం తీశారు. పొద్దు వాలేసరికి పాట తయారైంది. కంబగిరికి గొంతు చాలదు కనుక ఓబులేసు ఎత్తుకున్నాడు. కంబగిరి చివరి మాట మాత్రం కలిపాడు.

తొక్కితే తగల్లే సుంకమ్మా
కాలికింద ఏం లేదే సుంకమ్మా
భయం కాలేదంటి ఆ పొద్దు
అబద్ధమాడితి సుంకమ్మా

ఆ పొద్దూ భయమే, ఈ పొద్దూ భయమే
పక్కన కూర్చోవే సుంకమ్మా

తడిక కదిలింది. సుంకమ్మ గడపలో నిలబడి ఉంది. కంబగిరి ఆమెను పొమ్మనలేదు. ఓబులేసు లేచి చోటిచ్చాడు. ఆమె వచ్చి మంచం మీద కూర్చుని, అతని చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది.

"ఇన్ని దినాలూ నేనొక్కదాన్నే భయపడతాండా అనుకుంటి" అంది.

కంబగిరి మూడో రోజు పొద్దున పోయాడు. చివరిదాకా అతని కళ్ళలో బెదురు తగ్గలేదు. అటు సుంకమ్మ, ఇటు ఓబులేసు కూర్చున్నారు. భయపడొద్దని ఇద్దరిలో ఎవరూ అనలేదు. ఊపిరి ఆగినప్పుడు ఓబులేసు మళ్ళీ మొదలవుతుందేమోనని చాలాసేపు చూశాడు.

సుంకమ్మను ఊరికి పంపిన మర్నాడు నాలుగో గదిలోకి ఒక ముసలాయన వచ్చాడు. మాబమ్మ ఓబులేసును పిలిచింది. అతను వచ్చి తల దించుకుని నిలబడ్డాడు.

"అవ్వా, నాకు భయం పోలేదు. అప్పటికన్నా ఎక్కువైంది. ఆ గదిలోకి పోవాలంటే ఇప్పుడే గుండె కొట్టుకుంటాంది. ఈ పనికి నేను పనికిరానేమో."

మాబమ్మ అతన్ని తేరిపార చూసింది.

"భయం పోయిన పొద్దు వచ్చి చెప్పు నాయనా" అంది. "ఆ దినమే ఈ పని మాన్పిస్తా."