రెండో కూర

ఒక వసతిగృహంలో విద్యార్థి సంఘం ఉండేది. దాని సభలు భోజనాల గదిలోనే, అన్నాలు తింటుండగానే జరిగేవి. కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి ఓటుకి ఎడమచెయ్యి ఎత్తడం అక్కడి ఆచారం.

కొత్త అధ్యక్షుడు రోజూ రెండు కూరలు పెట్టిస్తానని చెప్పి గెలిచాడు. పెట్టించలేకపోతే నెల తిరిగేసరికి పదవి దిగాలి, అది నియమం. మాటలు కోటలు దాటాయి గానీ కాలు గడప దాటలేదు. అతను వంటింటికి వెళ్ళలేదు, నియమాల పుస్తకం తెరిచాడు.

“నేటి నుంచి పచ్చడి అంటే కూరే,” అని అందులో రాసి, సభలో చదివాడు.

అందరూ నవ్వుకుంటూనే చేతులెత్తారు పాపం. మర్నాడు గోంగూర పచ్చడి కలుపుకున్నవాళ్ళకి నిజంగానే వంకాయ కూర రుచి తగిలింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు.

ఒక్కరికి మాత్రం నాలుక మీద పులుపు తగిలింది. సభలో జరిగింది పుస్తకంలో రాసే అమ్మాయి. “ఇది పచ్చడే కదన్నా?” అంది.

అధ్యక్షుడికి భయం వేసింది. ఆ మాట నిలబడితే తన కుర్చీ నిలబడదు. “నియమం చెప్పిన రుచి తెలిసినవాళ్ళే విద్యార్థులు,” అని ఇంకో వాక్యం చేర్చాడు. చేతులు లేచాయి. అమ్మాయి కూర్చున్న చోట మంచినీళ్ళ గ్లాసొక్కటే మిగిలింది. ఏమైందని పక్కనున్న స్నేహితురాలు కూడా అడగలేదు.

వంటింటివాళ్ళకి ఆ నియమాల పుస్తకం భలే నచ్చింది. రోజుకో వంటకం తగ్గించి, రోజుకో నిర్వచనం రాయించుకున్నారు. కాదంటే రెండో కూర సంగతి బయటపెడతామన్నారు, అతను రాసిచ్చాడు. మజ్జిగ పెరుగైంది. గంజి అన్నమైంది. చివరికి వేడినీళ్ళే భోజనమయ్యాయి. పిల్లలు తాగి, త్రేనుస్తూ లేచేవాళ్ళు. చొక్కాలు మాత్రం వదులవుతున్నాయి.

ఒక మధ్యాహ్నం సభలో అధ్యక్షుడికి వేడినీళ్ళు వేడినీళ్ళలాగే తగిలాయి. లేచి, “ఆకలేస్తోందిరా!” అని అరిచాడు. ఒక్క తలా తిరగలేదు. పక్కవాడు ఆ ఖాళీ కుర్చీలో తన సంచి పెట్టుకున్నాడు.

ఎప్పుడూ ఎవరూ కూర్చోని చివరి బల్ల అప్పుడు కిటకిటలాడుతూ కనిపించింది. రాసే అమ్మాయి ఉంది. ఇంకా ఎంతోమంది ఉన్నారు. కొందరివి ఎప్పటివో పాతకాలపు బట్టలు. అందులో ముగ్గురి జేబులకి అధ్యక్షుడి బిళ్ళ, అచ్చం తన బిళ్ళలాంటిదే, వేలాడుతోంది.

అమ్మాయి జరిగి చోటిచ్చింది. తన పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసి అతని చేతిలో పెట్టింది. “ఏంటన్నా ఇది?”

అతను తిన్నాడు. పులుపుకో సిగ్గుకో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “పచ్చడేనమ్మా,” అన్నాడు.

అవతల కొత్త అధ్యక్షుడి పేరు చదువుతున్నారు. ఎడమచేతులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతుల్లో ఒక్కటీ ఎంగిలి కాలేదు.