ఏడు పందిళ్లు, ఒక ముడి

అనగనగా, మృగాలకూ పక్షులకూ ఒకే భాష ఉన్న రోజుల్లో, మాలతీవనం అనే అడవిలో ఒక పెద్ద గుహ ఉండేది. దానికి యజమాని జంబుకరాయుడనే నక్క. పొద్దు వాలితే చాలు, అడవంతా అక్కడే చేరి కబుర్లాడుకునేది.

ఆ గుహలో ఓ మూల సన్నపోగు అనే గిజిగాడు పిల్లపక్షులకు గూడు అల్లడం నేర్పేది. గూడు నిలవాలంటే కొమ్మకు వేసే మొదటి ముడి గట్టిగా ఉండాలి. వానలు రాకముందే ఆ ముడి చేతికి రావాలి. నిరుడు ముడి తెలియక మూడు గూళ్లు గుడ్లతో సహా నేలరాలాయి. ఆ తల్లుల ఏడుపు సన్నపోగు చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది.

నక్కకు కావలసింది మాత్రం సందడి. ఎవరు గట్టిగా పోట్లాడితే వాళ్లకే ముందు చోటు.

"నీ గడ్డిగోల ఎవడికి కావాలోయ్? ఆ మూలలో రేపటినుంచి కాకులు జగడమాడతాయి" అని ఒకనాడు సన్నపోగును వెళ్లగొట్టింది. వానలకు ఇంకా పదిహేను రోజులే ఉన్నాయి.

ఏటి అవతల ఒక ముసలి తాబేలు ఏడు పందిళ్లు వేయించింది. ఒక్కో పందిరికి ఒక్కో పెద్ద. అయినా ఒకచోట అన్న మాటను ఉడుతలు మిగతా ఆరుచోట్లకూ మోసేవి. ఇంత చక్కని ఏర్పాటు! తీరా చూస్తే పందిరికి ఒకరో ఇద్దరో తప్ప, లోపల తోలుకోవడానికి ఈగలు కూడా లేవు.

అలా ఎందుకుందో, చోటు వెతుక్కుంటూ ఏరు దాటి వచ్చిన సన్నపోగు గుమ్మం దగ్గరే కనిపెట్టింది.

మొదట కుందేలు వచ్చింది. "ఏ పందిట్లో చేరతావో తేల్చుకో. ముందు ఏడింటి కట్టుబాట్లూ విను" అంది తాబేలు. మూడో పందిరి కట్టుబాట్లు మొదలయ్యేసరికి కుందేలు పరార్.

తరువాత జింక వచ్చింది. తాబేలు దానికి నక్క చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టింది. "తాతా, పాడేవాళ్లు ఉంటారేమోనని వచ్చాను" అని జింక వెళ్లిపోయింది.

చివరికి ఎలుగుబంటి వచ్చి, "తేనె కబుర్లు చెప్పేవాళ్లున్నారా?" అనడిగింది. "ముందు ఉడుతల దారులు తెలుసుకో" అంది తాబేలు. ఎలుగుబంటి ఇంత నోరు తెరిచి ఆవలించి, గుహకే పోయింది.

సన్నపోగుకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "తాతా, ఆకలితో వచ్చినవాళ్లకి పొయ్యి ఎలా కట్టావో చెబుతున్నావు. ముందు అన్నం పెట్టవయ్యా!"

తాబేలు తల లోపలికి లాక్కుంది.

సన్నపోగు మొదటి పందిట్లో కూర్చుని, ఒక పుల్లకు గట్టిగా ముడి వేసి, ఉడుతకిచ్చి పంపింది. రెండో పందిట్లో ఎవరూ ఎరుగని ముసలి గిజిగాడొకటి ఉంది. అది సంబరంగా నాలుగు పోచలు అల్లింది. మూడో పందిట్లో సాలెపురుగు తన వంతు నేసింది. ఏడూ తిరిగి వచ్చేసరికి పుల్లకు సగం గూడు వేలాడుతోంది!

ఆ గూడు చూడ్డానికి గుహనుంచి పిల్లపక్షులు ఎగబడ్డాయి, వచ్చినవి వచ్చినట్టే ముడి నేర్చుకోసాగాయి. ఆ కేరింతలు విని కుందేలు మళ్లీ వచ్చింది. "నేనెక్కడ కూర్చోవాలి?" అంది బెరుగ్గా.

"చోటున్నచోట కూర్చో తల్లీ. నచ్చకపోతే రేపు మారుదువుగాని. నీ మాట ఏడింటికీ చేరుతుందిలే" అంది సన్నపోగు.

కుందేలు వెంట జింక, జింక వెంట ఎలుగుబంటి. నాలుగో పందిట్లో పాటలు, ఐదో పందిట్లో తేనె కబుర్లు!

వానలు వచ్చాయి. ఈదురుగాలికి కొమ్మలు ఊగిపోయాయి, గూళ్లూ ఊగాయి. ఒక్క గుడ్డు కూడా రాలలేదు. తల్లిపక్షుల ఆనందం చూసి సన్నపోగు కళ్లు చెమర్చాయి.

వాన వెలిశాక నక్క వచ్చింది. గుహలో కాకులు తప్ప ఎవరూ మిగల్లేదు మరి. "ఈ ఏడింటికీ యజమాని ఎవరు?" అంది.

"ఎవరూ కాదు మామా. నీకేమిటి ఇష్టమో చెప్పు" అంది సన్నపోగు.

నక్క అటూ ఇటూ చూసి సిగ్గుపడింది. "నాకు... రాగం తీసి ఊళ వేయడమంటే ఇష్టం. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు."

"నాలుగో పందిరికి పద!"

తాబేలు కట్టుబాట్లు చెప్పబోయింది. అందరూ దానివైపే చూశారు. అది గబుక్కున నోరు మూసుకుని, జరిగి నక్కకు చోటిచ్చింది.

చూశారా పిల్లలూ, ఏర్పాటు ఎంత గొప్పదైనా జనం దాన్ని చూసి రారు. తమకు ఇష్టమైన పని, రమ్మని పిలిచే మనసు ఉన్నచోటికే వస్తారు.