చింతగింజల లెక్క, జోడెద్దుల పందెం

బొంతలవారి అన్నదమ్ములు గవరయ్య, పైడయ్యలకు తమ తెలివి మీద మహా గురి. "మన బుర్రలో సగం ఊరికి పంచినా ఇంకా మిగులుతుందిరా" అనేవాడు గవరయ్య. "పంచకన్నయ్యా, మళ్ళీ తిరిగివ్వరు" అని పైడయ్య భయపడేవాడు.

ఇంత తెలివిగలవాళ్ళకు నాగలి ఉంది, కాడి ఉంది, ఎద్దుల్లేవు. తొలకరి పడింది. ఊరంతా దున్నుతుంటే ఎద్దుల్లేని రైతు గట్టు మీద కూచుని ఏం చేస్తాడు, నా తలకాయ! ఇంకేముంది, సంతలో పేకాడే పశువుల బేరగాడు కామినాయుడి జోడెద్దుల మీద వీళ్ళ కన్ను పడింది.

ఆట చెప్పమని మేనమామ అప్పన్న దగ్గరికి పోయారు. ఆయన కలకత్తా జనపనార మిల్లులో పనిచేసే రోజుల్లో నేర్చాడు.

"ఒరే, ఇరవై ఒకటికి దగ్గరగా రావాలి. దాటితే చచ్చావు. బొమ్మ ఏదైనా పదే లెక్క. మొదటి రెండు ముక్కలు కలిపి పదకొండైతే పందెం రెట్టింపు చెయ్యి. ఇక పంచేవాడు నీకు ఒక్క ముక్కే ఇస్తాడు. నీకు తొమ్మిది వచ్చి, వాడి ముందు పది కనబడితే మాత్రం చెయ్యకు."

"ఎప్పటికీనా మావా?"

"కట్టలో పదులూ బొమ్మలూ బోలెడు మిగిలాయని తెలిస్తే అప్పుడు చెయ్యొచ్చు. చిన్న ముక్క పడితే సంచిలో ఒక చింతగింజ వెయ్యి, పెద్దది పడితే ఒకటి తియ్యి. గింజలు బాగా పోగైతేనే ధైర్యం చెయ్యి. కళ్ళు మూసుకుని రెట్టింపు చేశావో, చంపేస్తాను!"

అంతే, పైడయ్య ఆ క్షణం నుంచి రెప్ప వెయ్యడం మానేశాడు. గవరయ్య ఇంట్లో పాత పేకతో సాధన మొదలెట్టి, సంచిలో పన్నెండు గింజలు చేరగానే ఆపేశాడు. "ఇంత మంచి లెక్క మళ్ళీ రాదు. మూతి కుట్టెయ్ తమ్ముడూ, సంతకి పట్టుకుపోదాం."

నాగలి, కాడి, సంచి బస్సెక్కాయి. దారిలో సంచి చిరుగులోంచి ఒక గింజ జారింది. ఇంకేముంది, బస్సు ఆపించి జనాన్నంతా దింపి, అది దొరికేదాకా వెతికించారు.

నాగలికి ఒక ఎద్దు పందెం. ఉత్తినే నాగలి వస్తోందని కామినాయుడు మురిసిపోయాడు. గవరయ్యకు అయిదు, నాలుగు పడ్డాయి. తొమ్మిది! కామినాయుడి ముందు పది.

"రెట్టింపు! కాడి కూడా పెడుతున్నాం, రెండో ఎద్దు పెట్టు!" అన్నాడు గవరయ్య.

"తొమ్మిదికా? మతి పోయిందా?"

"పన్నెండు గింజలయ్యా! తమ్ముడూ, కళ్ళు తెరిచే ఉన్నాయా?"

"మండిపోతున్నాయన్నయ్యా!"

రాజు పడింది. పంతొమ్మిది! కామినాయుడి రెండో ముక్క ఆరు. మొత్తం పదహారు. ఇంకోటి తీశాడు, రాణి. ఇరవై ఆరు! ఎద్దుల పలుపులు అన్నదమ్ముల చేతికొచ్చాయి.

ఎండుచేపలు కొనడానికొచ్చిన అప్పన్న అప్పుడే అక్కడికొచ్చి, కుట్టిన సంచి చూసి మండిపడ్డాడు. "సన్నాసుల్లారా! ఇంటి లెక్క ఇక్కడికి మోసుకొస్తారా? ముక్కలు కలిపేస్తే, వెనకటి లెక్కంతా రద్దు!"

అన్నదమ్ములు గిరుక్కున తిరిగారు. అవతల కామినాయుడు మళ్ళీ ఆటకని ముక్కలు కలిపేస్తున్నాడు.

"అయ్యో, కలిపేశాడన్నయ్యా!"

"రద్దయిపోయింది తమ్ముడూ. ఇచ్చెయ్."

పలుపులు కామినాయుడి చేతిలో పెట్టేశారు. నవ్వు బయటికి రాకుండా వాడు నోట్లో కండువా కుక్కుకున్నాడు.

"రద్దయింది గింజల లెక్కరా, ఎద్దులు కాదు!" అప్పన్న నెత్తి బాదుకున్నాడు.

"మాట మార్చకు మావా. మేం నీతిగల వాళ్ళం" అని కాడి భుజానికెత్తుకుని బస్సెక్కేశారు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కాడి కింద మెడలు పెట్టి పొలమంతా నలభై చుట్లు తిరిగారు.

"ఎద్దులు అనవసరంగా ఆయాసపడతాయి గానీ, దున్నడం ఇంత తేలికా అన్నయ్యా?"

"తెలివుంటే ఏదైనా తేలికేరా!"

నాగలి సంతలోనే ఉండిపోయింది.