సింహం నోట్లో తల పెట్టే కొలువు

అడవులన్నిటికీ కలిపి ఒకటే రాజధాని, మహానాదపురం. అబ్బో, ఏం ఊరండీ అది! ఏనుగులు పేర్చిన రాతికోట, తలెత్తి చూస్తే తలపాగా జారిపడేంత ఎత్తు. అంతకన్నా వింత లోపలుండేది. జింకా, కుందేలూ, తోడేలూ ఒకే రేవులో నీళ్లు తాగేవి. నమ్మరు కదా? నేనూ మొదట నమ్మలేదు.

దానికంతటికీ ఒక్క ఆచారం ఆధారం. ఊరు కట్టించిన తొలి సింహరాజు ఒక మాటన్నాడట. "కోట బయట నేను సింహాన్ని. కోట లోపల రాజుని. సింహం లోపలికొచ్చిన రోజున ఊరు మిగలదు." అందుకని చక్రవర్తి ఎప్పుడు బయటికెళ్లి వచ్చినా కోటగుమ్మం ముందు ఆగి నోరు తెరవాలి. నగరపాలకుడు ఆ నోట్లో తల పెట్టి వాసన చూడాలి. నెత్తురు వాసన తగిలిందా, చక్రవర్తి అయినా సరే, ఏటికెళ్లి కడుక్కుని రావలసిందే. పాలకుణ్ణి ఎన్నుకునేది రాజు కాదు, ఊరి జనం. తన నోరు వాసన చూసేవాణ్ణి తానే పెట్టుకుంటే ఇంకేముంది, రోజూ మల్లెపూల వాసనే!

ఆ కొలువులో భద్రయ్య అనే ముసలి ఎద్దు ఉండేవాడు. మెడలో కంచుగంట, తల మీద తెల్లగొడుగు. ఆయన వీధిలోకొస్తే పోట్లాడుకునేవాళ్లు కూడా పక్కకి జరిగి దండం పెట్టేవాళ్లు. అది చూసి సుబుద్ధి అనే నక్కకి నిద్రపట్టేది కాదు. పేరు సుబుద్ధే, బుద్ధి సంగతి మీరే చూస్తారు.

"ఏముందా పనిలో?" అని నక్క లెక్కలేసుకున్నాడు. "ఈ చక్రవర్తి ప్రచండకేసరి ఎప్పుడూ శుభ్రంగా కడుక్కునే వస్తాడు. తూతూమంత్రపు ఆచారం. దానికింత గొడుగా!"

చక్రవర్తి సరిహద్దు యుద్ధానికెళ్లిన అదను చూసుకుని, నక్క ఎద్దు తవుట్లో ఇంగువ కలిపేశాడు. ఆ పూటే సభలో లేచి నిలబడ్డాడు.

"అయ్యలారా, అమ్మలారా! పెద్దాయనంటే నాకు ప్రాణం. కానీ ముక్కు పోయింది పాపం. కావాలంటే పరీక్షించండి."

మూత పెట్టిన కుండ తెచ్చారు. అందులో పండిన పనసపండు. దాని వాసన ఊరవతల చెవిటివాడికి కూడా వినపడుతుంది!

"ఏముంది అన్నా ఇందులో?" అని అడిగింది పూలమాలలు కట్టే మేక పుల్లమ్మ.

భద్రయ్య వాసన చూశాడు, మళ్లీ చూశాడు. "ఇంగువ," అన్నాడు.

సభంతా గొల్లుమంది. ఎద్దు నవ్వలేదు, వాదించలేదు. "ముక్కు పోయినవాడికి ఈ గంట తగదు," అని మెడ వంచి తీసేశాడు. పుల్లమ్మకి కళ్లనీళ్లొచ్చాయి.

"దిగులెందుకు పుల్లమ్మక్కా! నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా అంత తియ్యగా మాట్లాడేవాడు ఈ ఊళ్లో ఉన్నాడా?" అంటూ జనం చేత ఊ అనిపించుకుని నక్క గంట తగిలించుకున్నాడు. ఆ వారమంతా గొడుగు కింద తిరిగిందే తిరగడం. ముందుంది ముసళ్ల పండగని తెలీదు పాపం.

ఒక పొద్దున నగారా మోగింది. చక్రవర్తి వచ్చేశాడు.

ఎప్పటిలా రాలేదు. యుద్ధం మహా ఘోరంగా జరిగిందట, తిండిలేక రోజులు గడిచాయట. జూలు అట్టలు కట్టింది. కళ్లు మునుపటి కళ్లు కావు. గుమ్మానికి ఎదురుగా స్వాగతమాల పట్టుకుని పుల్లమ్మ నిలబడింది. ఆయన చూపు మాల మీద లేదు, ఆమె మెడ మీద ఉంది.

చక్రవర్తి నోరు తెరిచాడు. నక్క గొడుగు కిందనుంచి కదలకుండా అరిచాడు.

"ఆహా! మల్లెల గుబాళింపు ప్రభూ! దయచేయండి!"

"మల్లెలా?" సింహం గొంతు మెత్తగా ఉంది. "అయితే దగ్గరికొచ్చి చూడు."

నక్క ఒక్క అడుగేశాడు. పళ్ల సందుల్లో ఎర్రగా కనపడింది. అంతే! గంట ఒకవైపు, గొడుగు ఒకవైపు, తోక కాళ్లమధ్య. గుమ్మం పక్కనున్న గోనెబస్తాల వెనక దూరాడు.

"పాలకుడు లేడు," అంది సింహం. "నన్నాపేదెవరు?" ముందుకాలు గడప మీద పడింది.

పుల్లమ్మ కింద పడ్డ గంట అందుకుని భద్రయ్య దగ్గరికి పరిగెత్తింది.

"అన్నా, ముక్కు పనిచేస్తోందా?"

"నీ మాలలో మరువం వాడిపోయింది పుల్లమ్మా. ఇక్కడికే తెలుస్తోంది."

ఆమె గంట ఆయన మెడలో వేసింది. "ఊరి జనం మాటగా వేస్తున్నా!" అంది. వద్దన్న నాలిక ఒక్కటీ లేదు.

గంట మోగుతుంటే భద్రయ్య నడిచాడు. ఆగలేదు, తొందరా పడలేదు. తెరిచిన ఆ నోటి ముందు నిలబడి, కొమ్ములు పక్కకి వంచి, తల లోపలికి పెట్టాడు. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. పై కోరలు ఆయన మెడకి ఆనుతున్నాయి. సింహం దవడలు వణుకుతున్నాయి. మూస్తే చాలు, అయిపోయింది.

లోపలినుంచి ఒక్క మాట వినిపించింది. "ఉంది."

"నా పళ్లమధ్య తల పెట్టి నాకే చెబుతున్నావా?" సింహం గుర్రుమంది.

"నెత్తురుంది ప్రభూ. ఏటికెళ్లి కడుక్కుని రండి. మా రాజుగారి కోసం మేం ఇక్కడే కాచుకుని ఉంటాం."

చివరికి గడప మీద కాలు వెనక్కి వెళ్లింది. అడవులన్నీ గడగడలాడే చక్రవర్తి తల దించుకుని ఏటికి నడిచాడు. నీళ్లోడుతూ తిరిగొచ్చి, తనే మోకరిల్లి నోరు తెరిచాడు, ముసలాయనకి మెడ ఎత్తే శ్రమ లేకుండా. ఎద్దు మళ్లీ తల పెట్టాడు.

"లేదు. దయచేయండి మహారాజా!"

అప్పుడు చూడాలి ఊరి కేకలు! పుల్లమ్మ మాల వేసింది. ఈసారి ఆయన చూపు మాల మీదే ఉంది.

"ఇంత ముక్కున్నవాణ్ణి ఎందుకు తీసేశారు?" అని రాజు అడిగాడు. ఆ రోజు తన తవుడంతా ఇంగువ కంపు కొట్టిన సంగతి భద్రయ్య చెప్పాడు. పుల్లమ్మ బస్తాల వెనక్కెళ్లి నక్క తోక వాసన చూసింది. ఇంగువ కట్టిన గుడ్డకి వాసన ఎక్కడికి పోతుంది!

"చంపకండి!" అని నక్క కాళ్లమీద పడ్డాడు.

"చంపడమెందుకు తమ్ముడూ?" అంది పుల్లమ్మ. "నీకు గొడుగంటే ఇష్టం కదా. ఇకమీదట అది నువ్వే పట్టుకో. రాజుగారు నోరు తెరిచిన ప్రతిసారీ, భద్రయ్యన్న తల ఎంతవరకుంటే గొడుగు అంతవరకూ రావాలి."

పదవి కోరేవాడు, అది ఎక్కడ తల పెట్టమంటుందో ముందు చూసుకోవాలి.