చొక్కా లేని చీమపిల్లలు

ఒకప్పుడు ఎర్రచీమలు చెట్ల మీద కాపురం ఉండేవి కావు. కొండల నడుమ దట్టమైన అడవిలో, వాగు ఒడ్డున, మద్దిచెట్టు మొదట్లో పుట్ట పెట్టుకుని ఉండేవి.

చీమపిల్లలు బియ్యపు గింజల్లా తెల్లగా ఉంటాయి. కాళ్ళూ ఉండవు, కళ్ళూ ఉండవు. నోట్లో మాత్రం సన్నటి పట్టుదారం ఊరుతుంది. ఆ రోజుల్లో ప్రతి పిల్లా ఆ దారంతో తనకో చొక్కా అల్లుకుని, అందులో నిద్రపోయి, చీమగా మారి బయటికొచ్చేది.

"పిల్ల దారం పిల్లకే. పెద్దాళ్ళు ముట్టుకుంటే పాపం," అనేది ముసలిచీమ గవరమ్మ. ఆమె మాటంటే పుట్టంతటికీ హడల్.

ఒకరోజు పై కొండల్లో పెద్దవాన పడింది. ఇక్కడింకా చినుకైనా లేదు, వాగు మాత్రం ఒడ్డు దాటి వచ్చేసింది. నీళ్ళు పుట్టలోకి జొరబడ్డాయి. చీమలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని పరుగు పరుగున మద్దిచెట్టెక్కాయి. వెనక్కి చూస్తే పుట్ట లేదు. పైకి చూస్తే నల్లటి మబ్బు.

"మద్దితాతా! వాన వచ్చేస్తోంది. పిల్లలు కొట్టుకుపోతారు. ఎక్కడ దాచుకోవాలి?" అని ఏడ్చింది పిల్లల్ని సాకే చీమ పైడి.

చెట్టు మూలిగింది. "నా బాధ నాకుంది తల్లీ. గొంగళిపురుగులు నన్ను మేసేస్తున్నాయి. వాటిని తరిమేస్తామంటే, మిగిలిన ఆకులు మీవే. ఇల్లు కట్టుకోండి."

సరేనన్నాయి చీమలు. ఒకదాని నడుం ఒకటి పట్టుకుని, వరస కట్టి, రెండాకుల అంచుల్ని దగ్గరికి లాగాయి. లాగడమైతే లాగాయి, వదిలితే ఆకు వెనక్కి పోతోంది! జిగురు పూశాయి. మొదటి చినుకుకే జారిపోయింది.

పక్క కొమ్మ మీద సాలీడుంది. "కాస్త దారం ఇవ్వవా వదినా?" అని అడిగింది పైడి.

"నా దారం నా పొట్టకే చాలట్లేదు. మీ పిల్లల నోళ్ళనిండా పట్టు పెట్టుకుని నా గుమ్మానికొస్తారేటి?" అంది సాలీడు.

"ఆ మాట ఎత్తకండి!" గవరమ్మ గయ్యిమంది. "చొక్కా లేని పిల్ల బతగ్గా ఎవరైనా చూశారా?"

ఎవరూ చూడలేదు.

ఇంతలో గాలి కొట్టింది. వరస చివరనున్న చీమ పట్టు తప్పి వాగులో పడిపోయింది. మిగతావాటి పట్టు కూడా సడలుతోంది.

పైడి ఇక ఆగలేదు. బుజ్జిగింజ అనే పిల్లను ఎత్తుకుంది. "నీ దారం ఇస్తావా తల్లీ?"

"అంతానా?"

"అంతా."

"మరి నాకు చలేస్తే?"

పైడి దాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది. "చలెయ్యని ఇల్లు కడదాం," అంది.

బుజ్జిగింజను నోట పట్టుకుని, మూతిని ఈ అంచుకీ ఆ అంచుకీ తాకించింది. మగ్గంలో దారం మోసే నాడె అటూ ఇటూ ఆడినట్టు ఆడించింది. దారం అతుక్కుంది. ఆకు కదల్లేదు! గవరమ్మ చూస్తూ నిలబడింది. తర్వాత తనే ఇంకో పిల్లను ఎత్తుకుంది. "పాపమైతే అందులో నాకూ వాటా ఉండనీ," అంది.

తక్కిన చీమలూ తలో పిల్లనూ ఎత్తుకున్నాయి. ఆఖరి కుట్టు పడీ పడకుండానే వాన విరుచుకుపడింది. గూట్లోకి చుక్క దిగలేదు. పిల్లలన్నీ ఒంటిమీద పోగు లేకుండా నిద్రపోయాయి.

వాన వెలిసింది. ఎండలు కాశాయి. పిల్లలు మాత్రం కదల్లేదు. పైడి తిండి మానేసి బుజ్జిగింజ పక్కనే కూర్చుంది. గవరమ్మ ఆమె మొహం చూడలేక తల తిప్పుకుంది.

ఒక పొద్దున సన్నటి కాలొకటి పైడికి తగిలింది.

"పిన్నీ," అంది బుజ్జిగింజ కొత్త కాళ్ళు చాపుకుంటూ, "నాకు చలే వెయ్యలేదు."

గవరమ్మ బావురుమంది. చీమలన్నీ ఆ ఊపులో గొంగళిపురుగుల మీద పడ్డాయి. మద్దితాత మళ్ళీ చిగురేశాడు.

అప్పటినుంచే ఎర్రచీమలు ఆకులు కుట్టుకుని చెట్ల మీద ఉంటున్నాయి, ఆకు మీద చెయ్యేస్తే మీరని నేనని చూడకుండా కుట్టేస్తున్నాయి. వాటి పిల్లలు మాత్రం దారమంతా ఇంటికిచ్చేసి, ఈనాటికీ చొక్కా లేకుండానే నిద్రపోతున్నాయి.