విదియనాటి నూలుపోగు

శిష్యులు ఏదైనా అడిగితే చయనులుగారు వెంటనే బదులు చెప్పరు. ముక్కుపొడుం పీల్చి, తృప్తిగా తుమ్మి, ఏదో పని పురమాయిస్తారు. బదులు ఆ పనిలో దొరుకుతుంది. ఈ సంగతి తెలిసి కూడా పేరిశాస్త్రి అడిగాడు.

"గురువుగారూ, చంద్రుడికి ఒళ్లా, చలా? విదియనాడు మన బట్టలోంచి పోగు తీసి ఆయనకి ఇవ్వడం ఎందుకండీ?"

ఇదేమీ వేదాంతంలోంచి పుట్టిన ప్రశ్న కాదు. ఆ వారమే జమీందారుగారి సభలో శాస్త్రికి పట్టు ఉత్తరీయం కప్పారు. పెళ్లయిన నాటినుంచీ అత్తవారింట అతని మాసికల కండువా చూసి బావమరుదులు ఒకటే నవ్వు. "బావగారి కండువాలో బట్ట ఎక్కువా, కన్నాలు ఎక్కువా?" అని పందేలు కాసేవారు. ఆ నవ్వులకి అతనికి అక్కడ అన్నం సహించేది కాదు. విదియ మర్నాడే అత్తవారి ఊరు ప్రయాణం. ఈసారి వాళ్ల నోళ్లు మూయించాలి. అలాంటి పట్టులోంచి పోగు తియ్యాలంటే శాస్త్రికి ప్రాణం ఒప్పలేదు.

చయనులుగారు తుమ్మారు. "విదియనాడు అందరూ కాలవగట్టుకి రండి. నువ్వు ఆ కొత్తది కప్పుకునే రా, నాయనా" అన్నారు.

గట్టు సన్నం. పడమటికి తిరిగి ఒకరి వెనక ఒకరు నిలబడాలి. ఉత్తరీయం అందరికీ కనబడాలని శాస్త్రి తోసుకుంటూ వెళ్లి మొదట నిలబడ్డాడు. గురువుగారు అందరికన్నా వెనక. నెలవంక కనబడగానే శాస్త్రి ఉత్త వేళ్లు గాలిలో విదిల్చి, "చంద్రుడికో నూలుపోగు!" అన్నాడు. గొంతుకి మాత్రం లోటు చెయ్యలేదు.

అతని వెనకున్న గవరయ్యదీ కొత్త కండువాయే. సొంతదాని మీదికి చెయ్యి పోలేదు. ఎదురుగా శాస్త్రి వీపు మీద పట్టు మెరుస్తోంది. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నడిమధ్యన గోటితో పట్టి ఒక పోగు లాగాడు. పట్టు కదా, తెగలేదు. ఇంకాస్త లాగాడు. గవరయ్య కండువాకి వాడి వెనకవాడు అదే మర్యాద చేశాడు, వాడికి ఆ వెనకవాడు.

వెనక్కి తిరిగాక శాస్త్రి ఉత్తరీయం తీసి చూసుకున్నాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ముడుచుకుపోయి ఉంది. "ఎవడ్రా ఇది!" అని కేకపెట్టాడు. మిగతావాళ్లు తమ వీపులు తడుముకున్నారు గానీ నోరెత్తలేదు, తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. వెనకవాణ్ణి తిడితే ముందువాడు తిరిగి చూస్తాడని భయం. ముందెవరూ లేని శాస్త్రికి ఒక్కడికే అరిచే వీలు దొరికింది.

అరిచి అరిచి గట్టు మీద కూలబడి ఏడ్చాడు. "పోగూ పోయింది, పుణ్యమూ లేదు. రేపు వాళ్లు మళ్లీ నవ్వుతారండీ!" నవ్వబోయినవాళ్లకి కూడా పాపం అనిపించింది.

చయనులుగారు వచ్చి పక్కన కూర్చున్నారు. ఉత్తరీయం కొసన వేలాడుతున్న కుచ్చులోంచి ఒక పోగు తీశారు. అది ఇట్టే వచ్చింది, బట్ట కదలనైనా లేదు. దాన్ని గాలికి వదిలి, ముక్కుపొడుం డబ్బీ కోసం బొడ్డు తడుముకుంటూ అన్నారు:

"ఎలాగూ పోయేదే, నాయనా. నీ చేత్తో పోయుంటే ఇచ్చావనేవాళ్లం."