పల్లకి మీద గీతలు

రాజుగారి నల్ల లక్క పల్లకికి మెరుగుపెట్టేవాడు ఓబన్న. మూడు రోజులు చేతులు పడిపోయేలా రుద్ది గీతలూ మసకా పోగొడతాడు. నాలుగోనాటికి ఎండలో చూస్తే సాలెగూడులా మళ్లీ సన్నటి గీతలు. కారణం అతనికి తెలుసు. రోజూ పొద్దున్నే, రాజుగారు చూస్తుండగా, దివాను సోమరాజు తన కండువాతో పల్లకి మీది దుమ్మును గుండ్రంగా తుడుస్తాడు. కానీ దివానుకు వద్దని చెప్పేదెవరు?

ఒకనాడు పల్లకి తుడుస్తూనే దివాను అన్నాడు: "ప్రభూ, వీడికి పని చేతకాదు. కొలువులోంచి తీసేద్దాం."

ఓబన్న నిట్టూర్చి దివాను వైపు తిరిగాడు. "చిత్తం, పోతాను. పోయేముందు తమ చేతికర్ర కూడా తుడిచి పోతానయ్యా. కొత్త లక్క పూశారు, దుమ్ము పట్టింది. ఆ కండువా ఇలా ఇప్పించండి."

దివాను కర్రను గబుక్కున వెనక్కి లాక్కున్నాడు. "ఒరేయ్, ఆగు! ఈ కండువా నిండా ఇసుకే. నా కర్ర గీతలు పడిపోదూ?"

అనేశాక నాలుక కరుచుకున్నాడు.

రాజుగారు కండువానూ పల్లకినీ మార్చి మార్చి చూసి నవ్వారు. "నువ్వెక్కడికీ పోవద్దు ఓబన్నా. ఏం కావాలో అడుగు."

"ఏమీ వద్దు ప్రభూ. దివానుగారిని రోజూ కాస్త ఆలస్యంగా నిద్ర లేవమనండి."